చొక్కాలు కాసిన కుర్రాడు, న్యూయార్క్ డ్రిల్లు మాస్టారు

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు అమలాపురంలో వ్యాయామోపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నాకు ముందు మాట్లాడిన ఇద్దరూ ధ్యాన్‌చంద్ గురించి చక్కగా చెప్పారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు కాబట్టి చెప్పాలి కూడా. కానీ ఈ గదిలో హాకీ కర్ర చేత్తో పట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి చూద్దాం. ఇద్దరు. సరే, సున్నా అనుకున్నాను, ఇద్దరున్నారు, సంతోషం.

నేను ఈ రోజు ఆటగాడి గురించి కాదు, ఒక ఉద్యోగి గురించి మాట్లాడతాను. నెల జీతం తీసుకుని, ఒక మహానగరంలో బడిపిల్లల వ్యాయామానికి అధికారిగా ఉండి, పోటీలు పెట్టడానికి ప్రభుత్వం డబ్బు వాడడానికి వీలు లేదని తెలిసి, దారులు వెతుక్కున్న మనిషి. అంటే మన బాపతే. ఆయన అమెరికావాడు, చనిపోయి వంద సంవత్సరాలు దాటింది. ఆయనకూ ఈ కొబ్బరితోటలకూ ఏమి సంబంధం అంటారా, వస్తున్నాను.

ముందు ఇంకో దొర గురించి ఒక్క మాట. మనలో యాభై దాటినవాళ్ళు బడుల మధ్య జరిగే పోటీలను ఇప్పటికీ ‘గ్రిగ్ ఆటలు’ అనే అంటారు. చిన్నప్పుడు నేను గ్రిగ్ అంటే ఒక రకం ఆట అనుకున్నాను. కబడ్డీ, ఖోఖో, గ్రిగ్. ఏడో తరగతిలో మా బడి జట్టు గ్రిగ్‌కు వెళుతోందంటే, ఆ ఆట నాకెందుకు నేర్పలేదని మా మాస్టారిని అడిగాను కూడా. మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేసిన ఒక దొర పేరు అది. మనిషి పోయాడు, పేరు మన నోళ్ళలో మిగిలింది. నేను చెప్పబోయే ఆయనకు సరిగ్గా తలకిందులుగా జరిగింది. ఆయన చేసిన పని మన చేతుల్లో ఉంది, పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

లూథర్ హాల్సీ గ్యూలిక్ ఆయన పేరు. 1865లో హవాయి దీవుల్లో, హొనలూలులో పుట్టాడు. తల్లిదండ్రులు క్రైస్తవ మత ప్రచారకులు. వైద్యం చదివి డాక్టరు పట్టా తీసుకున్నాడు గానీ రోగులను చూస్తూ కూర్చోలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం వాళ్ళ శిక్షణ కళాశాల ఉంది. 1887 నుంచి అక్కడ వ్యాయామ విభాగం చూశాడు. ఆ సంస్థ గుర్తులో త్రికోణం ఉంటుంది, చూసే ఉంటారు. శరీరం, మనసు, ఆత్మ అనే మూడు భుజాలు. ఆ త్రికోణం ఈయన ఆలోచనే.

1891 చలికాలం. బయట మంచు. గదిలో డంబెల్సు, చెక్కగుర్రం మీద దూకుళ్ళు చేసి చేసి విద్యార్థులకు విసుగెత్తింది. ముఖ్యంగా ఒక తరగతి, పద్ధెనిమిది మంది, ఏ మాస్టారికీ లొంగడం లేదు. గ్యూలిక్ తన దగ్గర పనిచేసే జేమ్స్ నైస్మిత్ అనే యువకుడిని పిలిచి, లోపల ఆడడానికి పనికొచ్చే కొత్త ఆట ఒకటి తయారు చేయమన్నాడు. రెండు వారాల గడువు. నైస్మిత్ రెండు పీచ్ పళ్ళ బుట్టలు వ్యాయామశాల బాల్కనీ అంచుకు కొట్టించి పదమూడు నియమాలు రాశాడు. బాస్కెట్‌బాల్ అలా పుట్టింది. బంతి బుట్టలో పడ్డప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కి తీయవలసి వచ్చేది. బుట్టకు అడుగున చిల్లు పెట్టాలన్న ఆలోచన రావడానికి మనుషులకు కొంత కాలం పట్టింది. నాకు ఈ సంగతి తలచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

పేరు నైస్మిత్‌కు వచ్చింది, రావలసిందే. కానీ పై అధికారులను చూసిన మీకు చెప్పనక్కరలేదు. ‘కొత్తది ఏదైనా చెయ్యి, తప్పితే నేను చూసుకుంటాను’ అనే అధికారి దొరకడం ఎంత అరుదో.

నాలుగేళ్ళ తరువాత అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న విలియం మోర్గన్ అనే ఆయన, పక్కనే హోలియోక్ అనే ఊళ్ళో పనిచేస్తూ, వయసు మళ్ళిన వ్యాపారస్థులకు బాస్కెట్‌బాల్ మరీ ఆయాసంగా ఉందని, వల కట్టి బంతిని అటూ ఇటూ కొట్టే ఆట ఒకటి తయారు చేశాడు. 1896లో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చి చూపించాడు. అదే మన వాలీబాల్. గోదావరి జిల్లాల్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య చేపల వల కట్టి ఆడని ఊరుందా? పెద్దవాళ్ళ సుఖం కోసం పుట్టిన ఆటను మన కుర్రాళ్ళు ప్రాణాల మీదికి తెచ్చుకునేలా ఆడుతున్నారు, అది వేరే సంగతి.

ఇక్కడి నుంచి మన దారి. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ 1919లో మన దేశానికి వచ్చి, 1920లో మద్రాసులో వ్యాయామ శిక్షణ కళాశాల పెట్టాడు. మనవాళ్ళు ‘సైదాపేట కాలేజీ’ అనేది అదే. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన మన జట్టును తీసుకెళ్ళింది కూడా ఆ బక్ దొరే. అప్పుడు గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. ఇక్కడి కుర్రాళ్ళు రైలెక్కి సైదాపేట వెళ్ళి, ఈల మెడలో వేసుకుని తిరిగొచ్చారు. నాకు డ్రిల్లు నేర్పిన మాస్టారు అలా వెళ్ళివచ్చినవారే. తెల్ల కాన్వాసు బూట్లు, మడత నలగని నిక్కరు, వానలో కూడా. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి బక్, బక్ నుంచి మా మాస్టారు, ఆయన నుంచి నేను, నా నుంచి ఈ ముందు వరసలో కూర్చున్న నలుగురు. గోత్రం చెప్పుకోవాలంటే మనకు ఇది గోత్రం.

అయితే ఇదంతా ఉపోద్ఘాతం. గ్యూలిక్ నాకు గురువయింది బాస్కెట్‌బాల్ వల్ల కాదు. 1903 నుంచి 1908 దాకా ఆయన న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ బడులకు వ్యాయామ డైరెక్టరుగా చేసిన ఐదేళ్ళ ఉద్యోగం వల్ల.

ఆ నగరం ఎలా ఉండేదో ఊహించుకోండి. ఐదు లక్షలకు పైగా బడిపిల్లలు. ఇటలీ నుంచి, రష్యా నుంచి ఓడలు దిగిన కుటుంబాలు ఒక్కో గదిలో ఏడెనిమిది మంది. వీధే ఆటస్థలం, వీధిలోనే గుర్రపు బండ్లు. కొన్ని బడులకు నేల చాలక మేడ పైకప్పు మీద కంచె కట్టి ఆటస్థలం చేశారు. మనకు వానాకాలంలో మైదానం చెరువవుతుందని ఏడుస్తాం. వాళ్ళకు ఏ కాలంలోనూ మైదానం లేదు. బడిలో వ్యాయామం అంటే బల్లల మధ్య నిలబడి చేతులు చాపడం, ముడవడం. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ.

ఆటలు లేకపోలేదు. పెద్ద బడులకు జట్లుండేవి. జట్టులో పదిమంది, చూడడానికి వెయ్యిమంది. ఈ మాట ఎక్కడో విన్నట్టుందా?

గ్యూలిక్ అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్ జార్జ్ వింగేట్ అనే పెద్దమనిషిని కలుపుకుని, 1903లోనే పబ్లిక్ స్కూల్స్ అథ్లెటిక్ లీగ్ అనే సంఘం పెట్టాడు. ప్రభుత్వ నిధులతో పోటీలు పెట్టరాదు కాబట్టి సంఘం బయట, బడి లోపల. విరాళాలు నగరంలోని ధనికులవి, చాకిరీ ఉపాధ్యాయులది, బడి విడిచాక, జీతం లేకుండా. ఈ చివరి ముక్కకు మీరు ఆశ్చర్యపోవడం లేదు, గమనించాను. ఆ ఏడు డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటి పోటీలు. వెయ్యిమందికి పైగా కుర్రాళ్ళు పాల్గొన్నారు. పత్రికలు మెచ్చుకున్నాయి, ధనికులు చేతులు కలిపారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ స్వయంగా సంఘానికి గౌరవ పదవి ఒప్పుకున్నాడు.

ఇంకొకరయితే అక్కడితో ఆగి, ఏటా ఆ పండుగ చేసి, ఫోటోలు తీయించుకుని, పదవీ విరమణ చేసేవారు. నేనలాగే చేశాను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

గ్యూలిక్ అడిగింది వేరే. వెయ్యిమంది దూకారు, మిగతా లక్షలమంది సంగతేమిటి?

అందుకు రెండు ఉపాయాలు చేశాడు. మొదటిది బిళ్ళ. కంచుబిళ్ళ కావాలంటే అరవై గజాలు 8 సెకన్ల 3/5లో పరుగెత్తాలి. నిలబడిన చోటు నుంచి 5 అడుగుల 9 అంగుళాలు దూకాలి. కడ్డీ పట్టుకుని నాలుగుసార్లు గడ్డం పైకి తేవాలి. మూడూ చేయాలి. మన లెక్కలో దాదాపు 55 మీటర్ల పరుగు, 175 సెంటీమీటర్ల దూకుడు. వెండిబిళ్ళకు ఇంకాస్త గట్టి కొలతలు. మామూలు పిల్లవాడు కొన్ని నెలలు కష్టపడితే అందుకోగలిగిన ఎత్తులో పెట్టాడు. ఎంతమంది అందుకుంటే అంతమందికీ బిళ్ళ. ఒకడికి వస్తే ఇంకొకడికి పోదు. చదువులో, నడవడిలో తగిన మార్కులు లేకపోతే మాత్రం ఎంత దూకినా బిళ్ళ లేదు. దాంతో లెక్కల మాస్టారు కూడా మన పక్షానికి వచ్చాడన్నమాట. తెలివైన అధికారి.

మన దేశంలో 1959-60లో జాతీయ శారీరక సామర్థ్య పరీక్షలు పెట్టినప్పుడు ఉద్దేశం ఇదే. పరుగు, దూకుడు, విసురుడులో ఒక స్థాయి అందుకున్నవాడికల్లా గుర్తింపు. ఇప్పుడు ఖేలో ఇండియా పేరుతో మీరు ఫోనులో ఎక్కిస్తున్న కొలతలున్నాయే, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని వంగి కాలివేళ్ళు అందుకోవడం, చిన్న తరగతులకు ఒంటికాలి మీద నిలబడడం, ఇవన్నీ ఆ బిళ్ళకు మునిమనవళ్ళే. ఒక తేడా ఉంది. ఆ కుర్రాడు బిళ్ళను చొక్కాకు పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. మన కుర్రాడి అంకె మన ఫోనులోకి వెళ్ళింది. వాడికి ఎంత వచ్చిందో మనం చెప్పామా? చెప్పినవాళ్ళు ఉంటే క్షమించండి.

రెండో ఉపాయం ఇంకా గొప్పది. నా దృష్టిలో ఆయన జీవితంలో చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పది, బాస్కెట్‌బాల్‌తో సహా. తరగతికి తరగతి పోటీ. ఒక్కొక్కడు ఎంత దూకాడో కాదు, తరగతి మొత్తం సగటున ఎంత దూకింది అన్నది లెక్క. తరగతిలో నూటికి ఎనభైమంది తప్పనిసరిగా దూకాలి. నలభైమంది తరగతిలో కనీసం ముప్ఫై ఇద్దరు. లేకపోతే ఆ తరగతి లెక్కలోకే రాదు. శరత్తులో దూకుడు, చలికాలంలో కడ్డీ, వసంతంలో పరుగు. కడ్డీకి వేలాడి ఒక్కసారి కూడా లేవలేనివాడు సున్నా తెస్తాడు, ఆ సున్నా కూడా సగటులో కలుస్తుంది.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, పలక లేదు గనుక నోటితోనే. నలభైమంది తరగతి. అందరికంటే బాగా దూకేవాడు 210 సెంటీమీటర్లు దూకుతాడు. వాడిని మూడు నెలలు సాధన చేయించి 220కి తెచ్చారు. తరగతి సగటు ఎంత పెరిగింది? పావు సెంటీమీటరు. ఇప్పుడు వెనక బెంచీలో 120 దూకే ఇరవైమంది ఉన్నారు. వాళ్ళకు చేతులు ఊపడం, మోకాళ్ళు వంచడం, ముందుకు పడడం నేర్పితే చాలు, మూడు వారాల్లో 140కి వస్తారు. ఎందుకంటే వాళ్ళకు ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. సగటు ఎంత పెరిగింది? పది సెంటీమీటర్లు. పావు ఎక్కడ, పది ఎక్కడ!

అంటే ఏమయింది? గెలవాలనుకున్న తరగతి, తన లావుపాటి కుర్రాడిని, బక్కపలచని కుర్రాడిని, సిగ్గుపడి గోడకు ఆనుకున్నవాడిని పట్టించుకోక తప్పలేదు. బాగా దూకేవాడే వాడికి సాయంత్రం నేర్పవలసి వచ్చింది. గ్యూలిక్ ఎవరికీ నీతులు చెప్పలేదు. లెక్కించే పద్ధతి మార్చాడు.

దీనికి చీకటి కోణం లేదని నేను అనను. తరగతి ఓడిపోతే ఆ సున్నా తెచ్చినవాడి గతి ఏమిటి? పిల్లలు మహా క్రూరులు, మనకు తెలుసు. అలాంటివాడిని ఆ ఎనభై శాతంలోంచి తప్పించి, ఆ రోజు బడికి రావద్దని చెప్పే మాస్టర్లు కూడా ఉంటారు. తనిఖీ రోజున వెనకబడ్డ పిల్లలను ఇంటి దగ్గర ఉంచే విద్య మన దగ్గరా ఉంది కదా. సగటుకు కాపలా కావాలి.

ఇప్పుడు నా సంగతి.

నేను ఉద్యోగంలో చేరిన బడి కాలువ ఒడ్డున ఉండేది. పేరు చెప్పను. ఆరువందల మంది పిల్లలు. నల్లరేగడి మైదానం, జూలైలో అడుగు వేస్తే బూటు అక్కడే ఉండి కాలు బయటికొచ్చేది. గోదావరికి పోటు వచ్చిన ఏడు పదిహేను రోజులు నీళ్ళలోనే. కోతల కాలంలో మైదానంలో ఎవరో వరి ఆరబోసేవారు. ఎవరని అడిగితే ఊరంతా చుట్టాలే. అయినా నేను గట్టివాడిని. ఐదేళ్ళలో మా వాలీబాల్ జట్టు జిల్లా గెలిచింది. హెడ్మాస్టరు గదిలో బీరువా మీద కప్పులు పెట్టడానికి చోటు చాలలేదు. నన్ను నాలుగు సభల్లో సన్మానించారు, శాలువాలు మా ఆవిడ ఇప్పటికీ దుప్పట్లుగా వాడుతోంది.

పదవీ విరమణ చేశాక ఒకసారి రావులపాలెం నుంచి బస్సులో వస్తున్నాను. కండక్టరు టిక్కెట్టు కొట్టకుండా నవ్వుతున్నాడు. ‘మాస్టారండీ, నేను మీ దగ్గరే చదువుకున్నానండి’ అన్నాడు. మన అలవాటు మీకు తెలుసు. పేరు అడగం, ‘ఏ ఆట?’ అంటాం. అడిగాను. ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘ఆట కాదండీ. నేను చొక్కాలు కాసేవాడినండి’ అన్నాడు.

గుర్తుకొచ్చింది. వాలీబాల్ కోర్టు పక్కన వేపచెట్టు కింద, జట్టు పిల్లల చొక్కాలు, చెప్పులు, ఒకరిద్దరి వాచీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మూడేళ్ళు కూర్చున్నాడు. బంతి కాలువలో పడితే దూకి తెచ్చేవాడు కూడా. ఈత అంత బాగా వచ్చు! నేను వాడిని ఒక్కసారి కూడా కోర్టులోకి పిలవలేదు. వాడు దాన్ని తప్పుగా చెప్పలేదు. ఎంతో సంతోషంగా, తనూ జట్టులో మనిషే అన్నట్టుగా చెప్పాడు. టిక్కెట్టు డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చి దిగాను.

ఇంటికి వచ్చి పాత రిజిస్టర్లు తీశాను. నా దస్తూరి బాగుంటుంది, అది మాత్రం చెప్పుకోవచ్చు. ఏటేటా జట్టు పేర్లు, ఎత్తు, బరువు, ఎవరు ఏ పోటీలో ఎన్ని పాయింట్లు తెచ్చారు, అన్నీ ఉన్నాయి. ఏ ఏడు చూసినా ఇరవై పేర్లు. ఆరువందల్లో ఇరవై. మిగతా ఐదువందల ఎనభైమంది గురించి నా చేతిరాతలో ఒక్క అక్షరం లేదు. వాళ్ళ డ్రిల్ పీరియడులో నేనేం చేశానో మీకు తెలుసు. ఒక బంతి పడేసి, నీడలో కూర్చుని, జట్టు పిల్లల ప్రయాణ ఖర్చుల కాగితాలు రాసుకున్నాను.

గ్యూలిక్ గురించి నాకు విద్యార్థిగా ఉన్నప్పుడే తెలుసు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న వచ్చేది. బాస్కెట్‌బాల్ దాకా రాసి ఆపేసేవాళ్ళం. ఆ మిగతా సగం నేను అరవై దాటాక చదివాను. చదివి, ఆయన మీద కాదు, నా మీద కోపం తెచ్చుకున్నాను.

ఆయనను దేవుణ్ణి చేయడానికి నేను రాలేదు. పిల్లల ఆటలన్నీ మానవజాతి పరిణామాన్ని తిరిగి నడవడమే, వేటాడే దశ, గుంపు కట్టే దశ అని ఒక సిద్ధాంతం ఆయన నమ్మాడు. అప్పట్లో చాలామంది నమ్మారు. తరువాతి శాస్త్రం దాన్ని పక్కన పెట్టేసింది. అంతకంటే పెద్ద తప్పు ఆడపిల్లల విషయంలో. 1905లో లీగులో బాలికల శాఖ పెట్టారు, ఎలిజబెత్ బర్షెనాల్ అనే ఆవిడ నడిపింది. జానపద నృత్యాలు నేర్పింది. వేలమంది ఆడపిల్లలు ఉద్యానవనంలో పచ్చిక మీద కలిసి ఆడారు, అది చూడముచ్చటే. కానీ బడికీ బడికీ పోటీ మాత్రం ఆడపిల్లలకు వద్దన్నారు. పోటీ మగవాడి స్వభావం, ఆడదాని స్వభావం కాదన్నది గ్యూలిక్ అభిప్రాయం. డాక్టరై ఉండి అలా అన్నాడు.

నవ్వకండి. మనం ఏం చేశాం? టెన్నికాయిట్ రింగు ఒకటి చేతికిచ్చి వరండాలో ఆడుకోమన్నాం. వాళ్ళు మైదానంలోకి వస్తే మగపిల్లలకు చోటు చాలదన్నాం. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ వారం మన బడులన్నిటిలో ఆమె ఫోటో గోడకెక్కింది. ఆడపిల్లలు మాత్రం వరండాలోనే ఉన్నారు. ఇప్పుడు మారింది, ఈ సభలో మూడో వంతు మహిళా ఉపాధ్యాయులే ఉన్నారు, మారకపోతే మీరు మమ్మల్ని ఊరుకోనిచ్చేవారు కాదు.

జనరల్ వింగేట్ గురించి కూడా ఒక మాట. ఆయనకు తుపాకీ కాల్చడం నేర్పాలని మహా కోరిక. లీగులో హైస్కూలు పిల్లలకు గురిపోటీలు కూడా పెట్టించాడు. నా అనుభవంలో యుద్ధభయం పుట్టినప్పుడల్లా ప్రభుత్వాలకు డ్రిల్లు మాస్టారు గుర్తొస్తాడు. 1950లలో అమెరికాలో కండరాల పరీక్షలు పెడితే అక్కడి పిల్లల్లో 57.9 శాతం ఏదో ఒక పరీక్షలో తప్పారు, ఐరోపా పిల్లల్లో తప్పినవాళ్ళు 8.7 శాతమే. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, ఆయనా జనరలే, ఉలిక్కిపడి 1956లో యువజన శారీరక దృఢత్వానికి ఒక మండలి వేశాడు. మన దగ్గర 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం నడిపింది ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన జనరల్ భోంస్లే. చైనా యుద్ధం తరువాత 1965లో అన్నిటినీ కలిపి నేషనల్ ఫిట్‌నెస్ కోర్ అన్నారు. మా మాస్టారు రోజూ తిట్టుకుంటూ, రోజూ తు.చ. తప్పకుండా చేయించేవారు. భయం తగ్గాక పథకం పేరు మారుతుంది, ఇసుక గొయ్యిలో ఇసుక మాత్రం ఎవరూ పోయరు.

గ్యూలిక్ తరువాతి కథ క్లుప్తంగా. 1906లో అమెరికాలో ఆటస్థలాల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1908లో నగర ఉద్యోగం వదిలి ఒక ధర్మసంస్థలో పిల్లల ఆరోగ్యం మీద పరిశోధన చూశాడు. 1910లో భార్యతో కలిసి ఆడపిల్లల కోసం క్యాంప్ ఫైర్ గర్ల్స్ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బాగోగులు చూడడానికి ఫ్రాన్స్ వెళ్ళివచ్చి, 1918 ఆగస్టులో చనిపోయాడు. 52 ఏళ్ళు. అది పదవీ విరమణ వయసు కూడా కాదు. ఏ చోటా పదేళ్ళు నిలవలేదు, స్ప్రింగ్‌ఫీల్డ్ మినహా. పెట్టినవి మాత్రం నిలిచాయి. ఆ న్యూయార్క్ లీగు ఇప్పటికీ నడుస్తోంది, దాంట్లో ఆడపిల్లలూ పోటీ పడుతున్నారు.

మన బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ గురించి చెప్పకుండా అమలాపురంలో ఎవరూ ప్రసంగం ముగించకూడదు, తెలుసు. 2022లో థామస్ కప్పు, మరుసటేడు ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం. తండ్రి మనలాగే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసినవారు. చప్పట్లు కొట్టండి, కొట్టవలసిందే. అలాంటివాడు దొరికితే వదలవద్దు, ప్రాణం పెట్టండి. నేను జట్లు మానేయమనడం లేదు. ఆ ఇరవై పేర్ల పేజీ చించమనడం లేదు. దాని పక్కన ఇంకో పేజీ గీయమంటున్నాను.

ఆ పేజీ ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే నాకంటే చిన్నవాడు, నా శిష్యుడు, పోయిన ఏడు తన బడిలో చేసి చూశాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఖర్చు లేదు. గోదావరి ఇసుక రెండు బండ్లు, ఒక దర్జీ టేపు, రెండు కొబ్బరి మొద్దులు పాతి మధ్యన ఇనుప గొట్టం. ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు, ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ. మొదటి వారం సగటు బోర్డు మీద రాశాడు. ఎవరి అంకె వాడికి చెవిలో చెప్పాడు, బోర్డు మీద పేర్లు రాయలేదు. గ్యూలిక్ దగ్గర నాకు అనుమానం కలిగించిన ఆ చీకటి మూలకు ఇతను ఇలా దీపం పెట్టాడు. రెండో వారానికి పిల్లలు మధ్యాహ్న భోజనం అయ్యాక అన్నం అరక్కుండానే దూకుతున్నారని లెక్కల టీచరు ఫిర్యాదు చేశారు. మూడో వారం ఆవిడే సగటు తీయడం పాఠంగా చెప్పారు. నాలుగో వారం ఒక అమ్మాయి, తరగతిలో అందరికంటే తక్కువ దూకేది, వచ్చి ‘సార్, నేను తొమ్మిది సెంటీమీటర్లు పెరిగాను’ అని చెప్పింది. అప్పటికీ అందరికంటే తక్కువే. తొమ్మిది మాత్రం ఆమెదే. వానలు వచ్చి ఇసుక కొట్టుకుపోయింది, మళ్ళీ పోయాలి. అక్కడిదాకా వచ్చింది కథ.

అదిగో, కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క విషయం, రెండు నిమిషాలు.

బయట గేటు పక్కన ఇసుక గొయ్యి చూశాను. ఎవరో పుణ్యాత్ములు నిన్ననే తవ్వించినట్టున్నారు, ఇసుక మెత్తగా ఉంది. నా సంచిలో టేపు ఉంది. ఈ హాల్లో ఎడమవైపు కూర్చున్నవాళ్ళు ఒక తరగతి, కుడివైపువాళ్ళు ఒక తరగతి. టీ తాగేలోగా అందరూ తలా ఒక్క దూకు దూకాలి, నిలబడిన చోటు నుంచి. ఓడిన వైపువాళ్ళు టీ డబ్బులు ఇవ్వాలి. ఎనభై శాతం తప్పనిసరి, పొట్టలు చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. నావి మోకాళ్ళు పోయాయి, కాబట్టి నన్ను ఆ మిగిలిన ఇరవైలో వేయండి. మీ చెప్పులు, ఫోన్లు నాకివ్వండి. నేను చెట్టు కింద కూర్చుని కాస్తాను.